కుట్టుపని: మస్లిను గౌను

గడచిన మాసములలో ఈ శీర్షిక క్రింద రవికెల కత్తిరింపును గూర్చియు, పసిబిడ్డల చొక్కాలను గూర్చియు వ్రాసియుంటిమి. ఈ నెల కొంచెము దూరపు సంగతి నెత్తుకొనుచున్నాము. ఇది ఇంగ్లాండు దేశపు సంగతి. అందును రెండువందల యేండ్లనాటి సంగతి. ఆ దేశపు పాత గౌనులతో మనకేమి పనియని సోదరీమణు లడుగవచ్చును. తుదవఱకు చదివినచో ఆ గౌనునకును మనకును గల చుట్టఱికము తెలియగలదు. పైగా నేడు మన యాడుబిడ్డ లెందఱో ఇంగ్లాండునను అమెరికాలోను కాపురము లున్నారు. అక్కడి స్నేహితురాండ్రు పాతకాలపు దుస్తులతో జరుపుకొను వేడుకలకు రమ్మని పిలిచినచో, ఏమి తొడుగుకొనవలయును, ఎట్లు కుట్టుకొనవలయును, అసలు తొడుగుకొనవచ్చునా యను సందేహములు వారికి కలుగక మానవు. ఆ సందేహములు తీర్చుటకే ఈ వ్యాసము.

ఆ కాలము, ఆ వేడుకలు

ఇంగ్లాండు రాజగు మూడవ జార్జి మతి చలించి రాజ్యభారము వహింపలేకపోగా, 1811వ సంవత్సరమున ఆయన జ్యేష్ఠపుత్రుడు రాజప్రతినిధిగా నియమింపబడెను. 1820లో తండ్రి గతించి తాను రాజగువఱకు ఆయన ప్రతినిధిగనే పాలించెను. అందుచే ఆ తొమ్మిదేండ్లకు రీజెన్సీ యని పేరు కలిగినది. దుస్తుల చరిత్ర వ్రాయువారు మాత్రము రమారమి 1795 మొదలు 1820 వఱకు గల కాలమునంతను ఆ పేరుతోనే వ్యవహరింతురు. నవలాకర్త్రి జేను ఆస్టిను (1775-1817) తన నవలలను ప్రకటించినది ఈ కాలముననే. ఆమె నవలలను చదివి ముగ్ధులైనవారే నేటి వేడుకలకు ముఖ్యకారకులు.

ఆమె 1801 మొదలు 1806 వఱకు నివసించిన బాత్ పట్టణమున, 2001లో ప్రారంభమై, సెప్టెంబరు నెలయందు పది దినముల ఉత్సవము జరుగుచున్నది. స్త్రీపురుషులు ఆనాటి దుస్తులు ధరించి వీథులలో ఊరేగుదురు. వరుసలుగా నిలిచి ఆనాటి నాట్యములు సలుపుదురు. తేనీటి విందులు చేసికొందురు. 2014లో రీజెన్సీ దుస్తులతో 550 మంది యొక్కచోట గుమిగూడి ప్రపంచ రికార్డు నెలకొల్పిరి. అమెరికా, ఆస్ట్రేలియా దేశములందును ఇట్టి సంఘములు కలవు.

చూచువారి కిది వేషముగా దోచును. కాని పాల్గొను స్త్రీలలో ననేకులు తమ దుస్తులు తామే కుట్టుకొందురు. నెలల తరబడి తీరిక వేళల సూదిపట్టి పనిచేయుదురు. అంగళ్ళలో తయారుగా దొఱకు వేషపు గౌనులు తఱుచు పాలియెస్టరువి. వానికి వెనుక జిప్పుండును. ఒంటికి గాలి సోకదు. ఒక పూట తొడిగి పాఱవేయవలసినదే. నూలుగుడ్డతో చేతనారా కుట్టుకొన్న గౌను పదేండ్లు మన్నును. అందుచే కుట్టుకొనుటయే మేలని మా యభిప్రాయము.

లోపలి దుస్తులు

ఈ పనిలో క్రొత్తవారు చేయు పొరపాటొకటి కలదు. వారు ముందుగా పైగౌను కుట్టి, లోపలివానిని గూర్చి పిమ్మట తలపెట్టుదురు. అట్లు చేయరాదు. పైగౌను చక్కగా నిలుచుట లోపలి దుస్తులమీద ఆధారపడియుండును గనుక లోపలినుండియే పని ప్రారంభింపవలయును.

మొదటిది ఒంటినంటి యుండు లోచొక్కా. మోకాళ్ళవఱకు దిగును, పొట్టిచేతు లుండును. దీని కత్తిరింపు మిక్కిలి సులభము. దీర్ఘచతురస్రములు, త్రికోణములు, చంక క్రింద రెండు చిన్న నలుచదరపు ముక్కలు తప్ప వంకరగీతలు దాదాపు లేవు. గుడ్డలో వ్యర్థమగునది మిక్కిలి తక్కువ. మన ముసలివారు చొక్కాలకు చంకముక్క వేసి కుట్టిన పద్ధతియు నిట్టిదే. చేయి పైకెత్తినను కుట్టు పిగులదు. మెత్తని నూలుగుడ్డ సుమారు 3 గజములు చాలును.

రెండవది స్టేసు అనబడు గట్టిరవికె. దీనిని గూర్చి లోకమున పెద్ద భ్రమ కలదు. ఊపిరి సలుపకుండ నడుము బిగించుటయే దీని పనియని యనేకులు తలంతురు. నడుము బిగించు వాడుక ముందుకాలమునను తరువాతికాలమునను బలముగా నుండెనుగాని, రీజెన్సీ గౌనునకు నడుమే కానరాదు. కావున ఆనాటి స్టేసు ముఖ్యముగా ఱొమ్మును పైకెత్తి నిలుపుటకును, వీపును నిటారుగా నుంచుటకును ఏర్పడినది. రెండు పొరల గట్టిగుడ్డ నడుమ సన్నని త్రాళ్ళు దూర్చి వరుసలుగా కుట్టుదురు. ముందు నడిమిభాగమున బల్లపఱుపు కొయ్యబద్ద నొకదానిని జొనుపుదురు. వెనుక త్రాటితో బిగింతురు. త్రాడు దూర్చు కన్నములను దారముతో చుట్టి కుట్టవలయును. లోహపు వలయములు బిగించు పద్ధతి అప్పటికింకను వాడుకలోనికి రాలేదు. ముందుగా పాతదుప్పటి గుడ్డతో నమూనా కుట్టి, ఒంటికి సరిచూచుకొని, ఆ పిమ్మట మంచిగుడ్డపై కత్తెర పెట్టవలయును. కూర్చుండి, వంగి, చేతులు చాచి చూడుడు. ఊపిరి కడ్డు తగిలినచో కత్తిరింపులో లోపమున్నదని తెలియవలయునేగాని, ఓర్చుకొనుట సొగసని తలపరాదు.

మూడవది లోపావడ. ఇది నడుము కడ గాక ఱొమ్ము క్రిందనే నిలువవలయును గనుక జాఱకుండ భుజములపై పట్టీలు కుట్టుదురు. పైగుడ్డ పలుచన, ఇది లేనిదే గౌను తొడుగరాదు.

పైగౌను

గౌను లక్షణములు మూడు. ఒకటి, ఱొమ్ము క్రిందనే నడుముకట్టు. రెండు, ముందుభాగము చదునుగానుండి కుచ్చులన్నియు వెనుక నడిమికి చేరుట. మూడు, వీపుభాగము మిక్కిలి యిఱుకుగా నుండుట. భుజముల కుట్టు భుజముమీద గాక వెనుకకు వీపుపైకి జరిగియుండును; చేతులను గూడ వెనుకకు లాగి యతికింతురు. అందుచే తొడిగినవారి భుజములు తమంత తామే వెనుకకు జరిగి, నడక నిటారగును. పాతచిత్రములలో ఆ స్త్రీల నిలుకడ అంత ఠీవిగా కనబడుటకు వీపు కత్తిరింపు కొంత కారణము. నేటి రవికె కొలతలతో వీపు కత్తిరించినచో గౌను రాత్రిచొక్కావలె వ్రేలాడును. ఈ యొక్క సంగతి గుర్తుంచుకొన్న సగము పని నెగ్గినట్లే.

క్రొత్తవారికి తేలికైనది మెడకును ఱొమ్ముక్రిందను బొందు దూర్చి లాగికట్టు గౌను. కొంచెము చేయితిరిగినవారు ముందు పావడభాగమును, ఱొమ్ముపై కప్పును ఒక్కటిగా కుట్టి, పైకెత్తి గుండుసూదులతో భుజముకడ బిగించు పద్ధతి యవలంబింపవచ్చును. దీనిలో గొప్ప సౌకర్యమున్నది. ఒరుల సాయము లేకయే తొడుగుకొనవచ్చును. పగటివేళకు పొడుగుచేతులు, మెడదాక కప్పు పలుచని లోకంఠి. రాత్రి నాట్యములకు పొట్టిబుట్టచేతులు. లోకంఠి వేఱుగా తొడుగునది గనుక మెడ తెఱపి యిష్టములేనివారు దానిని రాత్రియు ధరింపవచ్చును. గౌనునకు 45 అంగుళముల పన్నా గుడ్డ 4 మొదలు 5 గజములు పట్టును.

ఆ కాలమున ఇండ్లలో కుట్టుమిషను లేదు. అది ఇండ్లలో ప్రవేశించినది 1850 తరువాతనే. కావున ప్రతి కుట్టును చేతిదే. పొడవైన పావడ కుట్లకు సూదిని ముందునకు సాగించు కుట్టు చాలును. బలము కావలసిన చంకలకును వీపునకును ఒక్కొక్క కుట్టు వెనుకకు మరల్చి వేయవలయును. పలుచని మస్లిను అంచును వ్రేళ్ళమధ్య సన్నముగా చుట్టి కుట్టవలయును. ఈ యొక్క పనికే ఓర్పు మిక్కుటముగా కావలయును. తీరిక లేనివారు లోపలి పొడుగుకుట్లను మిషనుపై వేసి, పైకి కనబడువానిని చేతితో కుట్టవచ్చును. దానిలో తప్పేమియు లేదు.

చేతికుట్టు గొప్పతనము చూడగోరువారికి రెండు వస్తువులు నేటికిని ఇంగ్లాండున నిలిచియున్నవి. జేను ఆస్టినుదని చెప్పబడు పట్టుపైకోటు హాంప్‌షైరు జిల్లా సంగ్రహాలయసంస్థ యధీనమున నున్నది. గోధుమవన్నె పట్టుపై ఓకుటాకుల నేతగలది. హిల్లరీ డేవిడ్‌సన్ అను దుస్తుల చరిత్రకారిణి దానిని కుట్టుకుట్టునకు కొలిచి, అట్టిదే మఱియొకటి కుట్టి, దానిని తొడిగినామె పొడవరి యనియు, సన్ననిదనియు నిర్ణయించినది. రెండవది ఆస్టిను నివసించిన చాటను గ్రామగృహమున నున్న మస్లిను శాలువ; దానిపై తెల్లదారపు పూలకుట్టు ఆమె చేతిపనియే యని చెప్పుదురు. నవలలు వ్రాసిన చేయి సూదియందును నేర్పుగలదై యుండెను.

ఆ గుడ్డ యెక్కడిది?

ఇక చుట్టఱికపు సంగతికి వచ్చెదము. ఈ గౌనునకు ప్రాణము మస్లిను. ఆస్టిను వ్రాసిన నార్తాంగరు అబ్బీ నవలలో టిల్నీ యను యువకుడు మస్లిను నాణెమును, ఉతుకునకు నిలుచునా లేదా యను సంగతిని ఆలెను దొరసానితో చర్చించి యామె నబ్బురపఱచును. తన చెల్లెలికొఱకు అసలైన ఇండియా మస్లినును గజము 5 షిల్లింగులకే కొన్నానని యతడు గొప్ప చెప్పుకొనును. ఇండియా సరుకనుట ఆనాడు పొగడ్త.

ఆ గుడ్డలలోకెల్ల శ్రేష్ఠమైనది ఢాకాది. మేఘనానది తీరములందు పండిన ఫుటీకర్పాసమను ప్రత్తినుండి, గాలిలో తేమయున్న ప్రాతఃకాలమున, చూపు చుఱుకైన పడుచులు ఆ నూలు వడికెడివారు. ఎండెక్కినచో పోగు తెగును. ఆ ప్రత్తియు, ఆ విద్యయు కాలక్రమమున నశింపగా, ఇటీవలి యేండ్లలో బంగ్లాదేశమున వానిని మరల బ్రతికింప ప్రయత్నములు జరుగుచున్నవి. మన శ్రీకాకుళము జిల్లా పొందూరులో వాలుగచేప దవడతో ప్రత్తి నేకి స్త్రీలు సన్ననూలు వడకు విద్య నేటికిని నిలిచియుండుట మన భాగ్యము. మస్లిను అను పేరు మన మసులీపట్టణమునుండి వచ్చినదని కొందఱందురు. నిఘంటుకారులు మాత్రము అది ఇరాకులోని మోసూలు పట్టణపు పేరనియే చెప్పుదురు. పేరు మనది కాకున్నను బందరుకు కొదవలేదు. 1611లోనే ఆంగ్ల వర్తకులు అక్కడ కొఠీ పెట్టినది మన తీరపు గుడ్డకొఱకే గదా. గౌనుపై కప్పుకొను శాలువ కాశ్మీరపుది. దానికి నకళ్ళు స్కాట్లాండులోని పేయిస్లీ పట్టణమున విస్తారముగా నేయుటచే, మన మామిడిపిందె కచ్చట పేయిస్లీ యని పేరు పడినది.

ఈ తెల్లగుడ్డ వెనుక నల్లని కథయు కలదు. 1779లో శామ్యూలు క్రాంప్టను కనిపెట్టిన నూలుయంత్రముతో బ్రిటనులోనే సన్నని మస్లిను నేయుట సాధ్యమయ్యెను. 1793లో ఎలీ విట్నీ ప్రత్తిగింజలు తీయు యంత్రమును కనిపెట్టిన పిమ్మట, అమెరికా దక్షిణభాగమున నీగ్రో బానిసల చెమటతో పండిన ప్రత్తి ఆ మిల్లులకు వెల్లువగా రాసాగెను. ఇండియా గుడ్డపై బ్రిటనులో సుంకములు పెఱిగినవి. 1813లో కుంపిణీవారి గుత్తవ్యాపారము రద్దుకాగా మిల్లుగుడ్డ మన తీరములకు చేరెను. రీజెన్సీ ముగియునాటికి మన సాలెల మగ్గములు మూలబడ నారంభించినవి. నాట్యశాలలో కన్నుల పండువగా కనబడు తెల్లగౌనునందు ఢాకా పడుచు చూపును, అమెరికా బానిస కష్టమును, మన నేతగాని కూడును ఇమిడియున్నవి. గౌను కుట్టుకొనువారు ఇది యెఱిగి కుట్టుకొనవలయును.

మనము తొడుగవచ్చునా?

అట్లయినచో మనవారు దానిని ముట్టనే కూడదా? ఆ సభలలో మన మొగము పరాయిది కాదా? ఈ ప్రశ్నకు హైదరాబాదు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. అచ్చటి ఆంగ్ల రెసిడెంటు జేమ్సు కిర్క్‌పాట్రిక్కు ఖైరున్నీసా యను కులీనురాలిని వివాహమాడెను. వారికి 1802లో కలిగిన కూతురు నూరున్నీసా. 1805లో ఆ పసిపిల్లను, ఆమె యన్నను ఇంగ్లాండునకు పంపిరి. ఓడ యెక్కుటకు ముందు మద్రాసులో చిన్నెరీ యను చిత్రకారుడు వ్రాసిన పటమున ఆ బిడ్డలు హైదరాబాదు జరీదుస్తులతో నిలిచియున్నారు. ఆ యేటనే తండ్రి కలకత్తాలో మరణించెను. లండనులో బిడ్డలకు క్రైస్తవ నామములు పెట్టిరి; నూరున్నీసా కేథరిను అరోరా యయ్యెను, ఇంటిలో కిట్టీ. తల్లి 1813లో గతించినది. తల్లీబిడ్డలు మరల కలిసికొన లేదు. ఆమె పెఱిగినది మనము చెప్పుచున్న రీజెన్సీ ఇంగ్లాండుననే. చాల యేండ్లకు అమ్మమ్మతో ఉత్తరప్రత్యుత్తరములు మాత్రము నడచినవి. ఆమె 1889 వఱకు జీవించెను. తండ్రి కట్టించిన ఆ కోఠీ రెసిడెన్సీ భవనము పిమ్మట ఆడపిల్లల కళాశాలయై, నేడు చాకలి ఐలమ్మ పేర మహిళా విశ్వవిద్యాలయమై యున్నది.

ఆ జరీదుస్తులు విప్పి గౌను తొడుగుటలో ఆ పసిదాని యిష్టమును అడిగినవారు లేరు. నేడు మన పిల్లలకు ఆ స్వేచ్ఛ కలదు. తొడుగుకొనవలెనన్న తొడుగుకొనవచ్చును, చీరతోనే పోవలెనన్న చీరతోనే పోవచ్చును. ఇండియా మగువలు ఆనాటి ఇంగ్లాండున లేరని యెవరైన ననినచో కిట్టీ కథ చెప్పవచ్చును. తెలిసి తొడిగినది అలంకారము. తెలియక తొడిగినది వేషము.

చీరనుండి గౌను

తుదకొక ఉపాయము. రీజెన్సీ గౌనులు కుట్టువారిలో ననేకులు ఇండియా చీరలనే వాడుచున్నారు. ఇది చరిత్రకు విరుద్ధము కాదు. ఆనాడును మనదేశపు పూలనేత గుడ్డలతో గౌనులు కుట్టుకొనిరి. ఆఱుగజముల నూలుచీర యొకటి గౌనునకు ధారాళముగా సరిపోవును. అంచు క్రిందికి వచ్చునట్లు 3 గజములు పావడకు తీసికొని, మిగిలినది వీపు, ఱొమ్ము, చేతులకు వాడవలయును. చీర పన్నా సుమారు 45 అంగుళములు గనుక 5 అడుగుల 2 అంగుళముల యెత్తువారికి పావడ పాదములదాక అందును. అంతకు పొడవరులు అడుగున పట్టీ జోడింపవలయును. తెల్లనివి, లేతవన్నెవి, చిన్నబుటాలవి తగును. పాలియెస్టరు చీరలు, మెఱుపుతళుకులు తగవు.

ఐనను మంచి వెంకటగిరి జామదానీనో, అమ్మమ్మ కట్టిన చీరనో కత్తిరింపవలదని మా విన్నపము. నేతగాడు చీరగా నేసినదానిని చీరగా నుంచుటయే న్యాయము. కట్టికట్టి నడిమి చినిగి, అంచులు మాత్రము గట్టిగానున్న పాతచీరలు ప్రతి యింటిలో నుండును. వానిని దీనికి వినియోగించినచో వస్తువు వ్యర్థము కాదు. క్రొత్తగుడ్డ కొనువారు మగ్గపు మల్లుగుడ్డ కొనుడు. ఒక్క గౌనుగుడ్డయైనను నేడొక మగ్గమున కాధారమగును.

కుట్టుటకు ముందు గుడ్డను తడిపి ఆరవేయుడు, కుదింపు తీఱును. పలుచని గుడ్డతో పొయ్యికడకును దీపముకడకును పోకుడు. మస్లిను ఇట్టే అంటుకొనును. ఉతికి, పలుచని గంజిపెట్టి, నీడన ఆరవేసి, మడతలు మార్చి దాచుడు.

వచ్చు మాసమున గౌనుతోబాటు పట్టుకొను చిన్న చేతిసంచి కుట్టు విధమును వ్రాసెదము. ఆ సంచి మన వక్కాకుసంచికి చెల్లెలు వంటిది గనుక ఇంగ్లాండు మొగము చూడనివారికిని పనికివచ్చును.